సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డు: పాత ఎస్‌ఎంపీఎస్ ఉంచాలా, మార్చాలా?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో ఆన్‌లైన్‌లోనో దొరికే రీఫర్బిష్డ్ డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డెస్క్‌టాప్‌లు తక్కువ డబ్బుకి మంచి మెషీన్లు. కంపెనీలు వాడి తీసేసినవే అయినా మదర్‌బోర్డు, ప్రాసెసర్ గట్టిగా ఉంటాయి. లోటల్లా గ్రాఫిక్స్ కార్డు. దాని దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. ముందు కార్డు కొనేస్తారు. ఇంటికి తెచ్చాక అది క్యాబినెట్‌లో పట్టదనో, దానికి పెట్టాల్సిన పవర్ కేబుల్ ఎస్‌ఎంపీఎస్‌లో (మెషీన్‌కి కరెంటు అందించే పెట్టెలో) అసలు లేదనో తెలుస్తుంది.

ఈ మెషీన్లలో ఏ కార్డు వేయొచ్చో బడ్జెట్ కంటే ముందు క్యాబినెట్ సైజూ, ఎస్‌ఎంపీఎస్సూ తేల్చేస్తాయి. మన ముందున్న దారులు మూడు. ఉన్న ఎస్‌ఎంపీఎస్‌తోనే నడిచే 75 వాట్ల లోపు కార్డు వేయడం మొదటిది. ఎస్‌ఎంపీఎస్ మార్చి 115 నుంచి 165 వాట్ల కార్డు వేయడం రెండోది. ఈ మెషీన్ మీద ఇక డబ్బు పెట్టకుండా కొత్త బోర్డు, ప్రాసెసర్‌కి వెళ్లడం మూడోది. మూడింటిలో ఏది మీదో తేలితే, కార్డు ఎంపిక పది నిమిషాల పని.

మూత తీసి చూడాల్సినవి

ముందు క్యాబినెట్ రకం. మోడల్ నంబరు పక్కన ఎంటీ అని ఉంటే టవర్, ఎస్‌ఎఫ్‌ఎఫ్ అని ఉంటే సన్నటి చిన్న క్యాబినెట్, మైక్రో లేదా టైనీ అని ఉంటే పుస్తకం సైజు పెట్టె. ఆ పుస్తకం సైజు వాటిలో మామూలు గ్రాఫిక్స్ కార్డుకి స్లాటే ఉండదు, లాప్‌టాప్‌లాగా బయటి అడాప్టర్ మీద నడుస్తాయి. గేములే లక్ష్యమైతే వాటి జోలికి పోవద్దు. ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో లో-ప్రొఫైల్ (సగం ఎత్తు) కార్డులే పడతాయి. టవర్‌లో మామూలు ఎత్తు కార్డు పడుతుంది.

రెండోది ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్. 2013 నాటి ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌లో 290 వాట్లు, ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో 255 వాట్లు ఉంటాయి. ఆరో, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో (ఐ5-6500లో మొదటి అంకె 6 తరాన్ని చెబుతుంది) వచ్చిన 7050 టవర్‌లో 240, ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో 180. ఎనిమిదో తరం 7060 టవర్‌లో 260, ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో 200. కొత్త మెషీన్‌లో వాట్లు తక్కువగా ఉన్నాయని కంగారు పడకండి, ప్రాసెసర్ తినే కరెంటు కూడా తగ్గింది. ఈ బ్రాండెడ్ ఎస్‌ఎంపీఎస్‌లు రాసిన వాట్లను నిజంగానే ఇస్తాయి. బజారులో క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ సంగతి వేరు. పెద్ద అక్షరాల్లో 450 అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టుల వరుసలో 14 లేదా 16 ఆంపియర్లే ఉంటాయి. ఆంపియర్లను 12తో గుణించండి: 168 లేదా 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల మీదే బతుకుతాయి కాబట్టి చూడాల్సింది ఆ అంకెనే. అందుకే 240 వాట్ల డెల్ ఎస్‌ఎంపీఎస్ తీసేసి అలాంటి 450 పెట్టడం వెనక్కి నడవడమే.

మూడోది బోర్డుకి వెళ్లే పవర్ కనెక్టర్. ఎస్‌ఎంపీఎస్ మార్చే ఆలోచన ఉంటే అన్నిటికంటే ముఖ్యం ఇదే. మామూలు బోర్డుకి 24 పిన్నులు ఉంటాయి. ఆప్టిప్లెక్స్ 7010 టవర్‌లో ఆ 24 పిన్నులే ఉన్నాయి, కాబట్టి ఏ ఏటీఎక్స్ (మామూలు టవర్ సైజు) ఎస్‌ఎంపీఎస్ అయినా నేరుగా పడుతుంది. తర్వాత వచ్చిన 3020, 7020, 9020లలో డెల్ దాన్ని 8 పిన్నులకి మార్చింది. 3040, 5040, 7040లలో 6 పిన్నులు. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ1లో కూడా 6 పిన్నులే, కానీ అమరిక వేరు. లెనోవోలో 14 పిన్నులవీ, 10 పిన్నులవీ ఉన్నాయి. వీటన్నిటికీ 24 పిన్నుల నుంచి మార్చే అడాప్టర్ కేబుళ్లు దొరుకుతాయి.

చివరిగా టేపు పట్టుకుని కొలవండి. స్లాటు వెనక పలక నుంచి ముందున్న హార్డ్ డిస్క్ ఫ్రేమ్ దాకా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూసి, కార్డు పొడవు దానికంటే కనీసం 10 మి.మీ. తక్కువ ఉండేలా ఎంచుకోండి. పవర్ కనెక్టర్ కార్డు చివర్లో ఉంటే ఇంకో 30 మి.మీ. వదలాలి. రెండు ఫ్యాన్ల కార్డులు చాలావరకు 200 నుంచి 240 మి.మీ. ఉంటాయి, ఒక్క ఫ్యాన్‌వి 170 అటూఇటూ. ఆఫీసు టవర్‌లో ఒక్క ఫ్యాన్ కార్డు వెతుక్కోవడమే నయం. కార్డు కింద సాటా పోర్టులు (డిస్క్ కేబుళ్లు పెట్టే చోట్లు) ఉన్నాయేమో కూడా గమనించండి. రెండు స్లాట్ల మందం కార్డు వాటి మీదికి వస్తే నిటారుగా నిలబడే కేబుల్ పట్టదు, మెడ వంగిన సాటా కేబుల్ కావాలి.

మొదటి దారి: ఎస్‌ఎంపీఎస్ ముట్టుకోకుండా

బోర్డు మీద కార్డు కూర్చునే పీసీఐఈ స్లాటు ఒక కార్డుకి గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు, అందులో 12 వోల్టుల మీద వచ్చేది 66 వాట్లు. ఆ పరిధిలో బతికే కార్డుకి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఎస్‌ఎఫ్‌ఎఫ్ మెషీన్లలో కొన్నిటికి కంపెనీ మాన్యువల్లో స్లాటుకి ఇంతకంటే తక్కువ పరిమితి రాసి ఉంటుంది, అది చూశాకే కొనండి.

ఇక్కడ మా మొదటి ఎంపిక ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లు తింటుంది, లో-ప్రొఫైల్ మోడళ్లు కూడా ఉన్నాయి, డీఎల్‌ఎస్‌ఎస్ (ఏఐ సాయంతో గేము వేగం పెంచే సదుపాయం) ఉంది, వీడియో ఎడిటింగ్‌కి ఎన్‌విడియా ఎన్‌కోడర్ (వీడియోని త్వరగా ఫైలుగా మార్చే భాగం) ఉంది. కొనేటప్పుడు 6 జీబీ అన్న మాట కళ్లారా చూసుకోండి. ఇదే పేరుతో 2022లో వచ్చిన 8 జీబీ కార్డు వేరు. అది 130 వాట్లు తింటుంది, 8 పిన్నుల కేబుల్ అడుగుతుంది. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో రెండిటినీ కలిపి ఉత్త 3050 అని రాసేస్తుంటారు.

దాని కింద జీటీఎక్స్ 1650, 4 జీబీ, 75 వాట్లు. వేగంలో 3050 6 జీబీకి కచ్చితంగా తక్కువే, డీఎల్‌ఎస్‌ఎస్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో ధర బాగా తక్కువైతేనే తీసుకోవాలి. అందులోనూ కొన్ని మోడళ్లకి 6 పిన్నుల కేబుల్ కావాలి, ఫోటోలో కార్డు పై అంచు చూసి నిర్ధారించుకోండి. ఇంకా పాతదైన జీటీఎక్స్ 1050 టీఐ ఇప్పుడు వద్దు. ఆ తరానికి కొత్త గేముల డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, ఇక భద్రతా అప్‌డేట్లే వస్తాయి.

ఎస్‌ఎఫ్‌ఎఫ్ వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. కొన్ని మెషీన్లలో పెద్ద స్లాటు పక్కనే ఎస్‌ఎంపీఎస్ గోడ ఉంటుంది. లో-ప్రొఫైల్ అయినా రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు అక్కడ కూర్చోదు. అప్పుడు ఒకే స్లాటు మందం ఉన్నవి వెతకాలి. ఆర్‌ఎక్స్ 6400లో అలాంటివి దొరుకుతాయి, 53 వాట్లే. కానీ దాని లోపాలు తెలిసి కొనండి. అది నాలుగు లేన్ల (బోర్డుతో డేటా నడిచే దారుల) కార్డు, పీసీఐఈ 4.0 బోర్డుని ఊహించుకుని చేసింది. మన పాత డెస్క్‌టాప్‌లన్నీ 3.0. అంటే దారి సగానికి ఇరుకైపోతుంది, 4 జీబీ మెమరీ నిండిన గేముల్లో ఆగి ఆగి నడుస్తుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడర్ లేదు. యూట్యూబ్‌కి వీడియోలు ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లకి, స్క్రీన్ రికార్డు చేసేవాళ్లకి అది పనికిరాదు. వాళ్లకి ఎన్‌విడియా టీ1000 మేలు: 50 వాట్లు, ఒకే స్లాటు, 4 లేదా 8 జీబీ. దానికి మినీ డిస్‌ప్లేపోర్టులు మాత్రమే ఉంటాయి, కన్వర్టర్లు వెంట ఇచ్చారో లేదో అడిగి కొనాలి.

ఇంటెల్ ఆర్క్ కార్డుల ధర చూసి ఆశపడొద్దు. అవి బాగా నడవాలంటే బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) ఉండాలి, ఇంటెల్ అధికారికంగా చెప్పేది పదో తరం ప్రాసెసర్ నుంచే. నాలుగో, ఆరో తరం మెషీన్‌లో గేముల వేగం బాగా పడిపోతుంది.

సరిపోతుందో లేదో లెక్క ఇలా వేయండి. ప్రాసెసర్ వాట్లు, కార్డు వాట్లు, బోర్డు, ర్యామ్, డిస్క్, ఫ్యాన్లకి కలిపి ఒక 35 నుంచి 40. మొత్తం ఎస్‌ఎంపీఎస్ వాట్లలో 80 శాతం దాటకూడదు. 9020 టవర్‌లో ఐ5-4590 ఉందనుకోండి. 84, 70, 40 కలిపితే 194. 290లో 80 శాతం 232, కాబట్టి నిశ్చింతగా వేయొచ్చు. 7050 టవర్‌లో ఐ5-6500 అయితే 65, 70, 40 కలిపి 175. 240లో 80 శాతం 192, ఇదీ సరే. అదే 7050 ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో 180లో 80 శాతం 144 మాత్రమే, 3050 వేస్తే 170 దాటుతుంది. అక్కడ 50 వాట్ల కార్డు వేసినా 150 దాకా వచ్చి గీత కాస్త దాటుతుంది. పాత హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్ తీసేసి ఎస్‌ఎస్‌డీ ఒక్కటి ఉంచితే సర్దుకుంటుంది. 3050 6 జీబీ పెట్టె మీద 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలని ఉంటుంది. పెద్ద ప్రాసెసర్, నాసి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్లని కూడా దృష్టిలో పెట్టుకుని కంపెనీలు ఆ అంకె ఎక్కువగానే రాస్తాయి.

80 శాతం ఎందుకంటే, ఈ ఎస్‌ఎంపీఎస్‌లకి ఇప్పటికే ఏడెనిమిదేళ్ల నుంచి పదేళ్ల పైన వయసు. లోపలి కెపాసిటర్లు ఎండిపోతుంటాయి. మన రామగుండంలోనో కడపలోనో మే నెలలో గదే 40 డిగ్రీలు దాటితే క్యాబినెట్ లోపలి గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఎంత వేడెక్కితే ఇవ్వగలిగే వాట్లు అంత తగ్గుతాయి.

రెండో దారి: ఎస్‌ఎంపీఎస్ మార్చి పెద్ద కార్డు

ఇది టవర్ ఉన్నవాళ్లకే. ఎస్‌ఎఫ్‌ఎఫ్ మూత తెరిచి ఉంచి, ఎస్‌ఎంపీఎస్ బయట పెట్టి నడిపే పద్ధతులు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. దుమ్ము, పిల్లలు, ఎలుకలు ఉండే ఇళ్లలో కరెంటు తీగలు అలా బయటికి వదలడం మంచిది కాదు.

ముందు ఎస్‌ఎంపీఎస్ పట్టే చోటు కొలవండి. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150, ఎత్తు 86, లోతు 140 మి.మీ. 7010, 9020 టవర్లలో ఇది పడుతుంది. మీ క్యాబినెట్‌లో ఎత్తు 86 కంటే తక్కువగా ఉంటే ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం చూడాలి. దాని కొలతలు 125, 63.5, 100 మి.మీ. స్క్రూ రంధ్రాలు కలవకపోతే బిగించడానికి పట్టీ చేయించుకోవాల్సి వస్తుంది. ఆ ఖర్చు, తిప్పలు చూసుకున్నాక రెండో దారి ఇంకా లాభమేనా అని మళ్లీ ఆలోచించండి.

వాట్ల విషయంలో 550 చాలు. ఆర్‌ఎక్స్ 6600కి 450 అయినా నడుస్తుంది కానీ ధరలో తేడా కొంచెమే, 550 తీసుకుంటే తర్వాతి కార్డుకీ పనికొస్తుంది. 750, 850 ఇక్కడ దండగ. కోర్సెయిర్ సీఎక్స్550, డీప్‌కూల్ పీకే550డీ, కూలర్ మాస్టర్ ఎండబ్ల్యూఈ 550 బ్రాంజ్ ఈ తరగతిలో తీసుకోదగ్గవి. బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే గుర్తులు మాత్రమే. బ్రాంజ్ సగం లోడు దగ్గర 85 శాతం కరెంటుని మెషీన్‌కి అందిస్తుంది. లోపలి భాగాల నాణ్యతకి అది హామీ కాదు, అందుకని పేరూ ఊరూ లేని గోల్డ్ కంటే పేరున్న బ్రాంజ్ మేలు. వారంటీ ఎన్నేళ్లో, సర్వీసు సెంటర్ మీకు ఎంత దూరమో చూసి కొనండి.

అడాప్టర్ కేబుల్ మీద పొదుపు వద్దు. స్లాటు నుంచి కార్డు తీసుకునే కరెంటు కూడా ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి ఈ సన్న కేబుల్ గుండానే వస్తుంది. 18 గేజ్ తీగ ఉన్నది తీసుకోండి, మోడల్ నంబరు వివరణలో స్పష్టంగా ఉండాలి. పిన్నుల సంఖ్య సరిపోయిందని ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ బోర్డుకి పెట్టకండి. కొన్ని బోర్డులు ఆపేసి ఉన్నప్పుడు కూడా 12 వోల్టులు ఆశిస్తాయి, మామూలు ఏటీఎక్స్ ఇచ్చేది 5 వోల్టులే. అలాంటి వాటికి చేసిన కేబుల్ మధ్యలో వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది అవసరం లేని బోర్డుకి తగిలిస్తే బోర్డు పోవచ్చు.

సాటా పవర్ నుంచి 6 పిన్నులకి మార్చే కేబుల్ మాత్రం దయచేసి వాడొద్దు. 6 పిన్నుల కనెక్టర్ 75 వాట్లు ఇవ్వాలి, సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే. పాత ఎస్‌ఎంపీఎస్ ఉంచుకుని ఈ కేబుల్‌తో పెద్ద కార్డు వేసేయొచ్చని దుకాణంలో సలహా ఇస్తే వినకండి. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి, కాలిన వాసన వచ్చేదాకా బయటికి ఏమీ తెలియదు.

కార్డుల్లోకి వస్తే, ఆరు, ఏడో తరం నాలుగు కోర్ల ఐ5కి ఆర్‌ఎక్స్ 6600 దగ్గర ఆగిపోవడం మంచిది. 132 వాట్లు, 8 జీబీ, ఎనిమిది లేన్లు కాబట్టి పీసీఐఈ 3.0లో పెద్దగా నష్టపోదు. అంతకంటే పెద్దది వేసినా ప్రాసెసర్ అందుకోలేదు, గేములో సగటు వేగం బాగున్నట్టు కనిపించినా మధ్యమధ్య ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఐ5-8500 లాంటి ఆరు కోర్లు ఉంటే ఆర్‌టీఎక్స్ 4060 న్యాయం. 115 వాట్లే తింటుంది, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద చల్లగా నడుస్తుంది, ఏవీ1 (కొత్త వీడియో ఫార్మాట్) ఎన్‌కోడర్ ఉంది. ఆర్‌టీఎక్స్ 5060 కూడా ఇంచుమించు అదే ధరలో దొరికితే తీసుకోవచ్చు, 145 వాట్లు. కాకపోతే కొత్త తరం కార్డు వేసేముందు బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) తాజాది వేసి, పాత లెగసీ మోడ్ నుంచి యూఈఎఫ్ఐ మోడ్‌లోకి మార్చి ఉండాలి. ఆర్‌ఎక్స్ 7600 బాగున్నా 165 వాట్లు, ఆఫీసు టవర్ గాలికి కాస్త ఎక్కువ.

చవకగా కనిపించే ఆర్‌ఎక్స్ 580 గురించి ఒక మాట. 2017 కార్డు, 185 వాట్లు. 2048ఎస్‌పీ అని రాసినవి పేరుకే 580, లోపల 570. ఇప్పుడు దొరికేవాటిలో క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబగళ్లు నడిచినవి ఎక్కువ. తినే కరెంటుకీ ఇచ్చే వేగానికీ 3050 6 జీబీనే నయం, దానికి ఎస్‌ఎంపీఎస్ ఖర్చు కూడా లేదు.

మూడో దారి ఎప్పుడు?

నాలుగో తరం మెషీన్ ఉన్నవాళ్లు రెండో దారిలోకి వెళ్లేముందు ఆగాలి. అందులో ర్యామ్ డీడీఆర్3, రేపు కొత్త బోర్డుకి వెళ్లదు. విండోస్ 11కి ఎనిమిదో తరం కావాలి, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎస్‌ఎంపీఎస్, అడాప్టర్, పెద్ద కార్డు ఖర్చు కూడితే, ఐ3-12100ఎఫ్‌తో హెచ్610 బోర్డు మీద మెషీన్ కట్టుకునే బడ్జెట్ దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే నాలుగో తరానికి మా సలహా ఒక్కటే: 75 వాట్ల కార్డు వేసి వాడుకోండి, అంతకంటే పెట్టొద్దు.

ఆరో తరం నుంచి కథ మారుతుంది. చాలా మోడళ్లలో డీడీఆర్4 ఉంటుంది, ఆ ర్యామ్ డీడీఆర్4 రకం హెచ్610 బోర్డులో పనిచేస్తుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు పెరిగిన తీరు చూస్తే అది చిన్న ఆదా కాదు. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, కార్డు, ఎస్‌ఎస్‌డీ అన్నీ కొత్త మెషీన్‌కి వెంట వస్తాయి, వెనక మిగిలిపోయేది అడాప్టర్ కేబుల్ ఒక్కటే. కాబట్టి ఆరో తరం పైన టవర్ ఉన్నవాళ్లకి రెండో దారి కొత్త మెషీన్‌ని వాయిదాల్లో కట్టుకోవడంతో సమానం. పాత బోర్డునే కొత్త క్యాబినెట్‌లోకి మార్చాలని మాత్రం చూడకండి. పవర్ బటన్ కనెక్టర్, వెనక పలక, ఫ్యాన్ కనెక్టర్ అన్నీ ఆ కంపెనీ సొంత పద్ధతిలో ఉంటాయి. డెల్ అయితే తన ఫ్యాన్ కనపడకపోతే ప్రతిసారీ స్టార్టింగ్‌లో ఆగి ఎఫ్1 నొక్కమంటుంది.

బిగించేటప్పుడు

పాత కార్డు ఏదైనా ఉంటే విండోస్‌లో దాని డ్రైవర్ తీసేయండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. మూత తీశాక ప్రతి కనెక్టర్‌కీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లో స్టాటిక్ పోతుంది.

ఎస్‌ఎంపీఎస్ మారుస్తుంటే వెనక స్క్రూలు విప్పి, డెల్ అయితే లోపలి లాచ్ కూడా నొక్కి జరపాలి. కొత్తదాని ప్రాసెసర్ కేబుల్ నాలుగూ నాలుగుగా విడిపోతుంది. ఆఫీసు బోర్డులో ఎక్కువగా నాలుగు పిన్నులే ఉంటాయి, ఒక సగం పెట్టి రెండోది పక్కన కట్టేయండి. ప్రాసెసర్ కేబుల్ మీద సీపీయూ అనీ, గ్రాఫిక్స్ కార్డు కేబుల్ మీద పీసీఐఈ అనీ రాసి ఉంటుంది. రెండూ ఎనిమిది పిన్నులే అయినా ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా నొక్కితే షార్ట్ అవుతుంది. కొన్ని మోడళ్లలో హార్డ్ డిస్క్‌కి పవర్ బోర్డు నుంచే వస్తుంది, ఆ కేబుల్ అలాగే ఉంచొచ్చు. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే) ఎస్‌ఎంపీఎస్ అయితే దాని పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడాలి. వేరే కంపెనీ కేబుల్ చివరలు అచ్చంగా సరిపోయినా లోపలి వైరింగ్ వేరు, డిస్కులు కాలిపోతాయి.

ఈ బోర్డుల్లో పెద్ద స్లాట్లు రెండు కనిపిస్తే, ఒకటి చూడ్డానికి పెద్దదే గానీ లోపల నాలుగు లేన్లే ఉండొచ్చు. సాధారణంగా ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్నదే పూర్తి స్లాటు. కార్డు క్లిక్‌మనేదాకా నొక్కి, వెనక పలకకి స్క్రూ బిగించండి. 8 పిన్నుల కేబుల్ కూడా క్లిక్‌మనాలి.

మానిటర్ కేబుల్‌ని బోర్డు పోర్టు నుంచి తీసి కార్డు పోర్టుకి మార్చడం మరిచిపోయి బొమ్మ రాలేదని అనుకునేవాళ్లు చాలామంది. పాత వీజీఏ మానిటర్ అయితే హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ నుంచి వీజీఏకి మార్చే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. ఉత్త తీగ కేబుల్ పనిచేయదు. అయినా బొమ్మ రాకపోతే కార్డు తీసి, బోర్డు పోర్టుతో ఆన్ చేసి సెటప్‌లోకి వెళ్లండి. డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోకి ఎఫ్1. ప్రైమరీ డిస్‌ప్లేని ఆటోకి మార్చి, బయోస్ తాజాది వేసి మళ్లీ ప్రయత్నించండి.

యూపీఎస్ సంగతి

ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. అందులోంచి మానిటర్, రౌటర్ పోవాలి. మొదటి దారికి అది చాలు. 4060 వేస్తే నడుస్తుంది గానీ బ్యాకప్ నిమిషాలు బాగా తగ్గుతాయి, పాత బ్యాటరీ అయితే గేము మధ్యలో కరెంటు పోగానే కీచుమని మొత్తం ఆగిపోతుంది. 1000 వీఏ తరగతి, అంటే దాదాపు 600 వాట్లు మోసేది కావాలి. ఇంకో ఇబ్బంది: కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సాఫీగా తీసుకునేలా చూసే సర్క్యూట్) ఉంటుంది. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు మెట్లుమెట్లుగా ఉంటుంది. ఈ రెండిటికీ కొన్నిసార్లు పొసగదు, కరెంటు పోయిన క్షణంలోనే మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. కొనేముందు దుకాణంలో లోడు మీద ప్లగ్ పీకి చూపించమనండి. మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్త్ లేనట్టే.

వారం లోపు పరీక్ష

రిటర్న్ గడువు ఉండగానే కార్డుని అలిసిపోయేదాకా పరిగెత్తించాలి. జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ వరుస చూడండి, పదహారో ఎనిమిదో లేన్లు రావాల్సిన కార్డు నాలుగుతో నడుస్తోందంటే స్లాటు తప్పు, లేదా కార్డు సరిగ్గా కూర్చోలేదు. కార్డు మీద పూర్తి లోడు వేసే ఫర్‌మార్క్ ప్రోగ్రామ్ ఇరవై నిమిషాలు నడిపి, సెన్సార్ల రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి, 12 వోల్టుల రీడింగ్ చూడండి. కార్డు 83 డిగ్రీల లోపు ఉంటే బాగుంది. వోల్టేజీ 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. లోడు పడగానే 11.4 కిందికి జారితే ముందు మల్టీమీటర్‌తో సరిచూసుకోండి, అక్కడా అంతే ఉంటే ఎస్‌ఎంపీఎస్ వెనక్కి ఇచ్చేయండి.

గేము మధ్యలో మెషీన్ ఒక్కసారిగా ఆగి మళ్లీ మొదలైతే, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపిస్తే, మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద. బొమ్మ పోయి శబ్దం మాత్రం వస్తూ ఉంటే అనుమానం కార్డు, డ్రైవర్, మానిటర్ కేబుల్ మీద. వేడి 85 దాటుతూ ఫ్యాన్ హోరెత్తిస్తుంటే ముందు మూత తీసి నడిపి చూడండి. అలా తీస్తే ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే కార్డులో లోపం లేదు, క్యాబినెట్‌లోకి గాలి చాలడం లేదు. టవర్ ముందు భాగంలో ఒక ఫ్యాన్ లోపలికి గాలి ఊదేలా బిగిస్తే సరిపోతుంది. బోర్డులో మామూలు ఫ్యాన్ కనెక్టర్ ఖాళీ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ సాటా పవర్ నుంచి ఫ్యాన్‌కి తీసే కేబుల్ వాడొచ్చు. ఫ్యాన్ తినేది రెండు మూడు వాట్లే కాబట్టి ఆ కనెక్టర్‌కి అది భారం కాదు.